క్యారేజీ పక్కన పట్టే కెమెరా

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది శ్రీకాకుళం. పొందూరు దగ్గర ఒక ఊళ్లో టీచరుగా పనిచేస్తున్నాను. రోజూ బస్సులోనే వెళ్లిరావడం. మా అన్నయ్య స్టూడియో మూసేస్తూ తన కెనన్ 5డి మార్క్ 3, దానికి 24-70 లెన్సు నాకు ఇచ్చేశాడు. ఫొటోలు బ్రహ్మాండంగా వస్తాయి. కానీ ఈ రెండేళ్లలో దాన్ని బయటికి తీసింది పట్టుమని పదిసార్లు కూడా ఉండదు. భుజం నొప్పికి డాక్టరుగారు బరువులు మొయ్యొద్దన్నారు. చిన్న డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొందామని 35 వేలు పక్కన పెట్టుకున్నాను. మా మరిది పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాడు. "అది బొమ్మ కెమెరా వదినా, అయినా ఇప్పుడు డీఎస్‌ఎల్‌ఆర్ ఎవరు కొంటున్నారు, మిర్రర్‌లెస్ తీసుకో" అంటున్నాడు. నేను తీసేదల్లా బడి పిల్లలు, పొందూరులో నూలు వడికేవాళ్లు, ఆదివారం పూట నాగావళి ఒడ్డు. వచ్చే మాఘంలో మేనకోడలి పెళ్లి కూడా ఉంది. పెద్దది ఇంట్లో ఉండగా చిన్నది కొనడం తెలివితక్కువేనా?
– ఒక పంతులమ్మ, శ్రీకాకుళం

సమాధానం: అమ్మా, బళ్లో పాఠం చెప్పే మీరు నన్ను మాస్టారూ అంటున్నారు. మన వైపు అంతే లెండి, టైలరూ మాస్టారే, హార్మోనియం వాయించేవాడూ మాస్టారే. ఆ వరసలో ఫొటోలవాడికీ ఒక కుర్చీ వేశారు, సంతోషం.

తెలివితక్కువ కాదు. కొనుక్కోండి. ఏది కొనాలి, కొనేముందు ఏం చూసుకోవాలి, కొన్నాక దాని నుంచి ఏం ఆశించకూడదు అన్నవే మనం మాట్లాడుకోవాల్సినవి.

ముందు బరువు లెక్క. మీ 5డి మార్క్ 3 బ్యాటరీ, కార్డుతో కలిపి 950 గ్రాములు. 24-70 లెన్సు ఎఫ్ 2.8 అనుకుందాం, రెండో రకమైతే 805 గ్రాములు, మొదటి రకమైతే 950. అంటే తక్కువలో తక్కువ పావు తక్కువ రెండు కిలోలు. దాని బ్యాగు, చార్జరు, ఫ్లాష్ ఇంకా కలపలేదు. ఇప్పుడు కెనన్ 200డి మార్క్ 2 చూడండి. బ్యాటరీ, కార్డుతో 449 గ్రాములు. దానికి 24 ఎంఎం పాన్‌కేక్ అనే పలచటి లెన్సు తగిలిస్తే ఇంకో 125. మొత్తం 574 గ్రాములు. మీరు బడికి తీసుకెళ్లే క్యారేజీలో అన్నం, పప్పు సర్దాక తూచి చూడండి, అదే ఎక్కువ తూగుతుందని నా అనుమానం.

రెండేళ్లలో పదిసార్లు కూడా తియ్యలేదని రాశారే, మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ వాక్యం. పెద్ద కెమెరాని బయటికి తియ్యాలంటే ముందురోజు రాత్రే అనుకోవాలి. బ్యాగు దించాలి, బ్యాటరీ చార్జింగు పెట్టాలి, బస్సులో సీటు దొరుకుతుందా లేదా అని ఆలోచించాలి. పొద్దున్నే కూరా చారూ చూసుకుని బస్సు అందుకునే మనిషికి ఇది అయ్యే పని కాదు. చిన్నది మీ హ్యాండ్‌బ్యాగులోనే క్యారేజీ పక్కన పడి ఉంటుంది. తియ్యాలని అనుకోనక్కర్లేదు, అది ఎలాగూ మీతోనే వస్తుంది. మధ్యాహ్నం భోజనాల వేళ పిల్లలు కంచాలు పట్టుకుని కూర్చున్నప్పుడు చెయ్యి దానంతటదే బ్యాగులోకి పోతుంది.

నేను విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఇరవై ఏడేళ్లు స్టూడియో నడిపాను. అన్నేళ్లూ పెద్ద కెమెరాలే మోశాను. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఉంటుంది కదా, ఆ రోజుకు రెండు బాడీలు, ఒక 70-200 వేసుకుని మధ్యాహ్నమే ఒక మేడ ఎక్కి చోటు పట్టుకునేవాణ్ణి. ఆ లెన్సు ఒక్కటే దాదాపు కిలోన్నర. ఒక ఏడు ఎండలో నాలుగు గంటలు నిలబడ్డాను. పాలధార, అంజలి రథం, బెస్తవారి వల అన్నీ వెళ్లాయి, వాటి వెనక సిరిమాను కదిలింది. అరవై అడుగుల చింతమాను చివర పూజారిగారు, కింద ఇసక వేస్తే రాలనంత జనం. లెన్సు పైకెత్తేసరికి నా మోచెయ్యి గజగజ వణికింది. మెడ నుంచి వేళ్ల దాకా తిమ్మిరి. తీసిన నలభైలో పనికొచ్చినవి మూడో నాలుగో. సాయంత్రం మా అసిస్టెంట్ కుర్రాడు తన చిన్న కెనన్ 100డి తెచ్చి చూపించాడు. కింద జనంలో నలుగుతూనే తీశాడు. మాను నీడ ఒక ముసలాయన తలపాగా మీదుగా పోతోంది, ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడుతున్నాడు. ఆ రోజుకు అదొక్కటే ఫొటో. నాకు కోపం వచ్చిందని ఒప్పుకుంటాను. వాడి మీద కాదు, నా భుజం మీద.

మీకు ఎక్కువ పనికొచ్చేది మాత్రం పొందూరు సంగతి. ఒకసారి ఎవరో క్యాలెండరుకి నూలు వడికే ఫొటోలు కావాలన్నారు. పెద్ద కెమెరా, స్టాండు, గొడుగు లైటు వేసుకుని వెళ్లాను. ఒక ముసలావిడ వాకిట్లో కూర్చుని వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది. మీరు రోజూ చూసేదే గానీ చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆ దవడకి దువ్వెన పళ్లలాగా సన్నటి పళ్లు వరసగా ఉంటాయి. గింజ మీదున్న దూదిని దాంతో దువ్వి పోగులన్నీ ఒక వైపు పడేలా చేస్తారు. నన్ను చూడగానే ఆవిడ దవడ కింద పెట్టేసింది. పమిట సర్దుకుంది. కోడల్ని కేకేసి నాకు కుర్చీ తెప్పించింది. "ఏటి బాబూ, టీవీవోలా?" అంది. కాదమ్మా అన్నాను. నమ్మలేదు. ఆ తర్వాత గంటసేపు ఆవిడ చేతులు పని చేశాయి గానీ కళ్లు మాత్రం లెన్సు మీదే ఉన్నాయి. ఇంటికొచ్చి చూసుకుంటే అన్నీ ఓటరు కార్డు ఫొటోల్లా ఉన్నాయి.

పది రోజులాగి మళ్లీ వెళ్లాను. ఈసారి మా కుర్రాడి 100డి, దానికి ఆ పాన్‌కేక్ లెన్సు, అంతే. స్టాండు లేదు, గొడుగు లేదు. "మళ్లీ వచ్చావా, ఆ పెద్దదేదీ?" అంది. రిపేరుకిచ్చానమ్మా అని అబద్ధమాడాను. "అయ్యో" అని జాలిపడి తన పనిలో పడిపోయింది. నేను అరుగు మీద ఆవిడకి మూరెడు దూరంలో కూర్చున్నాను. మనవరాలు వచ్చి ఏదో అడిగితే విసుక్కుంది, పక్కింటావిడతో ధరల గురించి మాట్లాడింది, మధ్యలో ఒకసారి నన్ను మంచినీళ్లు అందుకోమంది. చూరు సందులోంచి పడే ఎండలో దూది నూగు లేస్తూ ఉంది. ఆవిడ బొటనవేలి గోరు పక్కన చేప పళ్లు, ఆ పళ్లకు పట్టుకున్న తెల్లటి పీచు, అన్నీ వచ్చాయి. క్యాలెండరు వాళ్లు మొదటిసారి తీసినవే ఎంచుకున్నారు, మొహం బాగా కనబడుతోందని. అది వేరే సంగతి.

ఆవిడని మరిపించింది కెమెరా బాడీ కన్నా ముందున్న లెన్సే. పాన్‌కేక్ మందం 22.8 మిల్లీమీటర్లు, అంగుళం కూడా లేదు. ఎదుటి మనిషికి తన మీదకి గొట్టం గురిపెట్టినట్టు అనిపించదు. అందుకే చిన్న బాడీ కొని దానికి మీ ఇంట్లో ఉన్న 24-70 తగిలిస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. బిగించడానికి బిగుస్తుంది, పనీ చేస్తుంది. కానీ మొత్తం కిలోంబావు అయి, ముక్కు బరువై ముందుకి వాలిపోతుంది. బరువంతా ఎడమ చేతి మీద పడుతుంది. మీకు నొప్పి ఏ భుజమో రాయలేదు.

మీ మరిది 'బొమ్మ' అన్న మాటలో నిజం లేకపోలేదు. చిన్నదాన్ని చిన్నగా చెయ్యడానికి కంపెనీ ఏమేం తీసేసిందో తెలుసుకుంటే తర్వాత బాధ ఉండదు. ఫొటో పడే పలక, అదే సెన్సరు, మీ 5డిలో 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. 200డి రకాల్లో 22.3 వెడల్పు, 14.9 ఎత్తు. వైశాల్యంలో రెండున్నర రెట్ల పైన తేడా. సెన్సరు చిన్నదైతే దాని ముందు లేచి పడే అద్దమూ చిన్నది, దాని చుట్టూ పెట్టే గదీ చిన్నది. 5డిలో కంటి దగ్గర బరువైన గాజు దిమ్మ ఉంటుంది, పెంటాప్రిజం అంటారు. దాని బదులు చిన్నవాటిలో తేలిగ్గా ఉండే అద్దాల డబ్బా పెడతారు. అందుకే కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌లో బొమ్మ కాస్త చిన్నగా, కాస్త మబ్బుగా ఉంటుంది. 5డి కిటికీ అయితే ఇది వెంటిలేటరు. పైగా ఫొటోలో వచ్చేదాంట్లో 95 శాతమే అందులో కనిపిస్తుంది. పిల్లల్ని వరసగా నిలబెట్టి తీస్తే, మీరు చూడని మోచెయ్యో నీళ్ల బకెట్టో ఫొటో అంచున చేరుతుంది. నాలుగు రోజులు వాడితే అలవాటైపోతుంది.

ఇంకా ఉన్నాయి. మీ 5డిలో 61 ఫోకస్ పాయింట్లు, వీటిలో 9. కార్డు ఒక్కటే పడుతుంది. చక్రం ఒక్కటే, కాబట్టి వెలుగు ఎక్కువ తక్కువలు మార్చాలంటే ఒక బటను నొక్కిపట్టి తిప్పాలి. వానకీ ఉప్పుగాలికీ రక్షణ లేదు. కళింగపట్నం బీచ్‌కి వెళ్లొస్తే ఇంటికి రాగానే తడి పిండేసిన మెత్తటి గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఇంకోసారి తుడవండి, బద్ధకించొద్దు. బరువు తగ్గించుకున్నందుకు కట్టాల్సిన కట్నం ఇదంతా. మీరు తీసే ఫొటోలకి ఇందులో ఏదీ పెద్దగా అడ్డం రాదు. రాత్రి పెళ్లి మండపంలో మాత్రం సెన్సరు తేడా బాగా తెలుస్తుంది. దాని దగ్గరికి వస్తాను.

బరువు గొడవ ఇవాళ్టిది కాదు. 1972లోనే జపాన్‌లో ఒలింపస్ కంపెనీ ఇంజనీరు మైతాని, ఎస్‌ఎల్‌ఆర్‌లు (రీలు వేసే అద్దం కెమెరాలు) మరీ లావుగా బరువుగా అయిపోయాయని ఎం-1 అని చిన్నది ఒకటి చేశాడు, తర్వాత దాని పేరే ఓఎం-1 అయింది. లోహంతో చేసినా బాడీ బరువు 510 గ్రాములే. డిజిటల్ వచ్చాక అవన్నీ మళ్లీ ఒళ్లు చేశాయి. అదే కంపెనీ 2008లో 380 గ్రాముల ఈ-420 తెచ్చింది. 2013లో కెనన్ 100డి, బ్యాటరీతో కలిపి 407 గ్రాములకు దిగింది. అద్దం ఉన్నంతకాలం కెమెరా ఒక హద్దు దాటి పలచబడలేదు. కెనన్‌లో లెన్సు బిగించే చోటు నుంచి సెన్సరు దాకా 44 మిల్లీమీటర్లు ఉండి తీరాలి, అద్దం లేచి పడటానికి ఆ చోటు కావాలి. అద్దం తీసేస్తే ఆ చోటు అక్కర్లేదు. అదే మీ మరిది చెప్పే మిర్రర్‌లెస్.

ఆయన మాట తీసిపారేయకండి. కొత్తగా మొదలుపెట్టే కుర్రాడు అడిగితే నేనూ మిర్రర్‌లెస్సే అంటాను. వీడియో బాగుంటుంది, ఎదుటి మనిషి కంటిని పట్టుకుని ఫోకస్ వదలదు, కొత్త లెన్సులన్నీ దానికే వస్తున్నాయి. నికాన్ తన చిన్న డీఎస్‌ఎల్‌ఆర్ డి3500ని 2022కల్లా ఆపేసింది. మీరు కొనబోయేది ముందుకెళ్లే దారి కాదని తెలిసే కొనండి. కానీ మీ లెక్క వేరు. మీ ఇంట్లో కెనన్ ఈఎఫ్ లెన్సు (అద్దం కెమెరాలకు చేసింది) ఉంది, అన్నయ్య దగ్గర ఇంకా ఉండొచ్చు. కెనన్ ఆర్50 మిర్రర్‌లెస్ తీసుకుంటే అది 375 గ్రాములు, నిజమే. ఆ లెన్సులు దానికి పట్టాలంటే మధ్యలో ఒక అడాప్టరు కావాలి, అదొక 110. రెండూ కలిపితే 485. 200డి మార్క్ 2 కంటే 36 గ్రాములు ఎక్కువే తూగుతుంది, అడాప్టరు డబ్బులు అదనం. లెన్సులు కూడా కొత్తవే కొంటాను అంటే ఆర్50 తేలిక. 35 వేలల్లో అది కుదిరే బేరం కాదు.

బ్యాటరీ సంగతీ ఉంది. అద్దం కెమెరాలో మీరు చూసేది లెన్సులోంచి వచ్చిన అసలు వెలుతురే. తెర వెలగక్కర్లేదు, అందుకని కరెంటు తినదు. 200డి మార్క్ 2 ఒక్క చార్జింగుతో 1070 ఫొటోలు తీస్తుందని కంపెనీ లెక్క. రోజుకు ముప్పై తీసే మీకు నెలకోసారి చార్జింగు పెడితే సరిపోవచ్చు. మిర్రర్‌లెస్ అయితే తెర చూసినంతసేపూ బ్యాటరీ తింటూనే ఉంటుంది. హ్యాండ్‌బ్యాగులో పడుండే కెమెరాకి ఇది పెద్ద గుణం, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఇంకొకటి నా సొంత పిచ్చి అనుకోండి. నాగావళి ఇసకలో పదకొండు గంటల ఎండకి ఫోను తెర మీద నా మొహం తప్ప ఇంకేమీ కనిపించదు. వ్యూఫైండర్‌కి కన్ను ఆనిస్తే అవతలి ఒడ్డున గేదెలు కడిగేవాడు కూడా కనిపిస్తాడు. అద్దం 'టక్'మని లేచి పడితే ఫొటో పడిందని చేతికి తెలుస్తుంది. ఆ చప్పుడు తరగతి గదిలో ఇబ్బంది అనుకుంటే మెనూలో సైలెంట్ అని ఉంటుంది. పూర్తిగా మూగబోదు గానీ వెనక బెంచీ వాళ్లు తల తిప్పరు.

ఇక ఏది కొనాలి. మీకు కెనన్‌లోనే మూడున్నాయి. 100డి అన్నిటికన్నా చిన్నది, చవకది. కానీ వెనక తెర విప్పుకోదు, తెరలో చూస్తూ తీస్తే ఫోకస్ నసుగుతుంది, వయసూ అయిపోయింది. 2017లో వచ్చిన 200డి 453 గ్రాములు, 2019లో వచ్చిన 200డి మార్క్ 2 దానికన్నా 4 గ్రాములు తక్కువ. రెండింటికీ తెర పక్కకి తెరుచుకుని ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. బడి పిల్లల్ని తియ్యడానికి ఇది వరం. మీరు మోకాళ్ల మీద కూర్చోనక్కర్లేదు, కెమెరాని వాళ్ల కళ్ల ఎత్తుకు దించి పైనుంచి తెర చూసుకోవచ్చు. ఒకటో తరగతి పిల్లల్ని నిలబడి తీస్తే అందరూ నేరం చేసి హెడ్మాస్టరు ముందు నిలబడ్డట్టు వస్తారు.

200డికి బ్యాటరీ లెక్క 650 ఫొటోలే, మార్క్ 2కి 1070. అందుకని మార్క్ 2 వైపే మొగ్గుతాను, ఒక్క షరతుతో. దాని నెత్తిన ఫ్లాష్ పెట్టే చోట నడిమి పిన్ను లేదు, కంపెనీయే తీసేసింది. కెనన్ సొంత ఫ్లాష్ పనిచేస్తుంది. స్టూడియోల్లో ఫ్లాష్‌ని దూరం నుంచి వెలిగించడానికి వాడే ఒంటి పిన్ను చవక ట్రిగ్గర్లు, మాన్యువల్ ఫ్లాష్‌లు దానికి వెలగవు. అన్నయ్య ఇచ్చిన సామాన్లలో అలాంటివి ఉండి, వాడాలన్న ఆలోచన ఉంటే 200డియే తీసుకోండి. (ఇంట్లో లెన్సులు లేని పాఠకులెవరైనా ఇది చదువుతుంటే, నికాన్ డి3500 కూడా మంచి బండి. 415 గ్రాములు, 1550 ఫొటోల బ్యాటరీ. తెర మాత్రం కదలదు, మైకు పెట్టుకునే కన్నం లేదు.)

లెన్సుల్లో మొదట ఆ 24 ఎంఎం పాన్‌కేక్. చిన్న సెన్సరు మీద అది దాదాపు 38 ఎంఎం లెక్కకు వస్తుంది, మామూలుగా కంటికి ఆనేంత మేర. జూమ్ లేదు, మీ కాళ్లే జూమ్. డబ్బు మిగిలితే 50 ఎంఎం ఎఫ్ 1.8, తక్కువ వెలుతురులో పనికొచ్చేది, 160 గ్రాములు. ఇది మీ 5డికి కూడా పడుతుంది. 24 మాత్రం 5డికి పట్టదు, బలవంతం చెయ్యకండి. ఎస్‌డీ కార్డులు రెండు కెమెరాల్లోనూ వాడుకోవచ్చు, బ్యాటరీలు మాత్రం వేరు. శీతాకాలం టెక్కలి వైపు వెళ్తారనుకోండి, తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు పెడతాయి. దానికి 55-250 లెన్సు, 375 గ్రాములు. బాడీ, పాన్‌కేక్, ఇది మూడూ కలిపినా కిలో లోపే. ఎగిరే పక్షి రెక్క చివర దాకా పదునుగా కావాలంటే ఇది చాలదు. గూట్లో పిల్లకి మేత పెట్టే తల్లి కావాలంటే బాగానే సరిపోతుంది.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు మీ మరిదిని వెంట తీసుకెళ్లండి. ఆయన్ని నొప్పించకుండా పని జరిపించుకునే ఉపాయం కూడా ఇదే. కెనన్‌లో షట్టరు ఎన్నిసార్లు పడిందో, అంటే దాంతో ఎన్ని ఫొటోలు తీశారో, ఫొటో చూస్తే తెలియదు, కెమెరాని కంప్యూటరుకు పెట్టి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి, ఆయనకు తెలిసే ఉంటుంది. ఎఫ్ 16 పెట్టి, అంటే లెన్సు కన్నం బాగా సన్నం చేసి, ఆకాశాన్నో తెల్లగోడనో తీసి పెద్దది చేసి చూడండి, సెన్సరు మీద మరకలుంటే నల్లచుక్కల్లా కనిపిస్తాయి. తెరని పది సార్లు తెరిచి మూసి తిప్పండి, దానిలోని పట్టీ వైరు అలిసిపోతే ఒక కోణంలో తెర ఆరిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం లెన్సు. వెనక మూత తీసి, ఫోను టార్చి ఒకవైపు నుంచి వేసి రెండోవైపు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్. మన సముద్రపు గాలికి అది తొందరగా పడుతుంది. నేను ఇంత అనుభవం పెట్టుకుని కూడా ఒక షాపులో సాయంత్రం చీకటి పడ్డాక లెన్సు కొన్నాను. టీ తెప్పించాడు, కబుర్లు చెప్పాడు. ఇంటికొచ్చి పొద్దున్న కిటికీ దగ్గర పెట్టి చూస్తే లోపల ఒక తోటే ఉంది. పగలు వెళ్లండి. టీ తర్వాత తాగొచ్చు.

కొన్నాక బీరువాలో బట్టల మధ్య దాచకండి. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, తేమ పీల్చే సిలికాజెల్ పొట్లాలు వేసి పెట్టండి. అంతకన్నా మంచి మందు రోజూ వాడటం. వాడే లెన్సుకి ఫంగస్ అంత తేలిగ్గా పట్టదు. మీ 24-70 రెండేళ్లుగా చాలావరకు మూసిన బ్యాగులోనే ఉంది కదా, ఈ ఉత్తరం చదవడం అవగానే తీసి టార్చి వేసి చూడండి.

పెళ్లి సంగతి. 5డి అమ్మొద్దు. రాత్రి ముహూర్తం, రంగురంగుల ఎల్ఈడీ లైట్లు, హోమం పొగ, అక్కడ దాని పెద్ద సెన్సరు దర్జాయే వేరు. అయినా ఫొటోగ్రాఫరుని ఎలాగూ పెడతారు, పెళ్లికూతురి మేనత్త రెండు కిలోలు మెళ్లో వేసుకుని మండపం చుట్టూ తిరగడం ఎందుకు. జీలకర్ర-బెల్లం వేళకి ముందు వరసలో కుర్చీ వేయించుకుని, మోచేతులు ఒళ్లో ఆనించి, 5డితో ఆ పావుగంట తియ్యండి. మిగతా రెండు రోజులూ చిన్నది. పసుపు దంచేటప్పుడు, అమ్మాయికి మంగళస్నానం చేయించి జుట్టు ఆరబెట్టేటప్పుడు, తెల్లారగట్ల వంటవాళ్లు పొయ్యి దగ్గర కునుకు తీసేటప్పుడు ఆ ఫొటోగ్రాఫరు అసిస్టెంట్లు ఉండరు, వాళ్లు నిద్రలో ఉంటారు. ఆ గదుల్లోకి మీకున్న చనువు వాళ్లకి లేదు. 50 ఎంఎం ఎఫ్ 1.8 అక్కడికే కొనమన్నాను.

మీ మరిది పెద్ద కెమెరా మెచ్చుకోవడంలో తప్పేమీ లేదు, ఆయన బతుకుతెరువు అది. పెళ్లివాళ్లు కెమెరా సైజు చూసే డబ్బులిస్తారు. చిన్నది పట్టుకుని వెళ్తే "వీడేటి, ఇంట్లో పిల్లడి కెమెరా తెచ్చాడు" అంటారు, నాకూ అయింది. కార్డు ఒకటి పాడైతే రెండోది ఉండాలి, వాన పడితే పని ఆగకూడదు. ఆ అవసరాలు ఆయనవి. మీకు డబ్బిచ్చేవాళ్లెవరూ లేరు కాబట్టి మెప్పించాల్సినవాళ్లూ లేరు.

చివరగా ఒక చిన్న పని. కెమెరాతో వచ్చే పట్టీ మీద కంపెనీ పేరు బస్సు బోర్డంత అక్షరాల్లో ఉంటుంది. అది విప్పి డబ్బాలో పడెయ్యండి. బరువు లేని కెమెరాకి ఆ వెడల్పు పట్టీ అక్కర్లేదు, పైగా జనం కళ్లు ముందు దాని మీదే పడతాయి. మా ఇంట్లో పాత నవారు మంచం విప్పినప్పుడు మిగిలిన నవారు గజంన్నర తీసుకెళ్లి టైలరు మాస్టారికిచ్చాను. నిలువుగా సగానికి మడిచి రెండు కుట్లు వేసి, చివరలు సన్నగా కోసి ఇచ్చాడు. కుట్టుకూలి అడిగితే వద్దన్నాడు, వాళ్ల మనవడి ఫొటో ఒకటి తీసిమ్మన్నాడు. ఆ పట్టీతోనే తీశాను.